‘రీప్లేస్’ అంటే పాతదే పెట్టాలా, కొత్తది వేయాలా: ఒక ఫ్యాక్టరీ లైన్‌లో ఇంగ్లిష్‌ను సులభం చేసిన కేస్ స్టడీ

తిరుపతి జిల్లాలో ఒక ఎలక్ట్రానిక్స్ అసెంబ్లీ యూనిట్ వాళ్ళు నన్ను స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులు చెప్పమని పిలిచారు. లైన్‌లో పనిచేసే అమ్మాయిలకు ఇంగ్లిష్ రాదు, అందుకే తప్పులు జరుగుతున్నాయి, తప్పు పీసులను మళ్ళీ సరిచేసే రీవర్క్ టేబుల్ ఎప్పుడు చూసినా నిండే ఉంటోంది అన్నది వాళ్ళ ఫిర్యాదు. యూనిట్ పేరు రాయడం లేదు. రేణిగుంట నుంచి శ్రీసిటీ దాకా ఇలాంటివి చాలానే ఉన్నాయి, ఈ ఇబ్బంది ఏ ఒక్కదానిదో కాదు.

క్లాసు మొదలుపెట్టే ముందు, ఆ పిల్లలు రోజూ చదవాల్సిన కాగితాలు చూపించమన్నాను. ఒక్కో స్టేషన్ పైన ప్లాస్టిక్ ఫోల్డర్‌లో వేలాడదీసే వర్క్ ఇన్‌స్ట్రక్షన్ షీట్లు తెచ్చి ఇచ్చారు. కనెక్టర్ ఎలా పెట్టాలి, స్క్రూలు ఏ వరసలో బిగించాలి, స్టికర్ ఎక్కడ అంటించాలి, అన్నీ వాటిలోనే ఉంటాయి. మీటింగ్ రూమ్‌లో కూర్చుని ఆ కట్టంతా చదివాక, క్లాసుల సంగతి తర్వాత చూద్దాం, ముందు షీట్లు తిరగరాద్దాం అని చెప్పాను. ఇంగ్లిష్ నేర్పడమే నా వృత్తి. అయినా చదివేవాళ్ళ మీద మనం వేస్తున్న బరువులో ఎక్కువ భాగం రాసేవాళ్ళు మోయాల్సిందేనని గట్టిగా నమ్ముతాను. ఒక అమ్మాయికి ప్యాసివ్ వాయిస్ ఒంటపట్టాలంటే నెలలు పడుతుంది. ఒక వాక్యంలోంచి ప్యాసివ్ వాయిస్ తీసేయడానికి నిమిషం కూడా పట్టదు.

రాసిందెవరు, చదివేదెవరు

ఆ షీట్ల మూలం విదేశంలో ఉన్న మాతృసంస్థ నుంచి వచ్చింది. అక్కడి ఇంజనీర్లకు ఇంగ్లిష్ మాతృభాష కాదు. తమ భాషలో రాసుకున్నదాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి పంపారు. ఇక్కడి క్వాలిటీ డిపార్ట్‌మెంట్ దాన్ని తమ ఫార్మాట్‌లోకి ఎక్కించింది. చదివేవాళ్ళేమో శ్రీకాళహస్తి, పుత్తూరు, నగరి, సత్యవేడు వైపుల నుంచి కంపెనీ బస్సుల్లో వచ్చే పిల్లలు. ఇంటర్, ఐటీఐ, డిప్లొమా చదివినవాళ్ళు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్ళే ఎక్కువ. సరిహద్దు మండలాల వాళ్ళు కొందరు ఇంట్లో అరవం మాట్లాడతారు. అంటే ఆ కాగితానికి ఈ చివరా ఇంగ్లిష్ మాతృభాష అయినవాళ్ళు లేరు, ఆ చివరా లేరు. ఇద్దరికీ పరాయి భాష. ఇద్దరి మధ్య ఉండేది వస్తువు, పని, కాగితం, అంతే. అలాంటప్పుడు కాగితం మీద ఎవరి కోసం ఆ గంభీరమైన ఇంగ్లిష్?

ఒక వాక్యం చూడండి. “ఎన్ష్యూర్ దట్ ద కనెక్టర్ హాజ్ బీన్ ప్రాపర్లీ సీటెడ్ ప్రయర్ టు సెక్యూరింగ్ ద కవర్.” వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. కానీ ఇది పనిని తిన్నగా చెప్పదు. చేతులు మొదట కనెక్టర్‌ను నొక్కాలి, తర్వాత కవర్ బిగించాలి. ఈ వాక్యంలో పని మాటలకు ముందు ‘ఎన్ష్యూర్’ వచ్చింది, నొక్కడం అనే పని ఎక్కడా పేరుతో లేదు, ‘ప్రయర్ టు’ దగ్గర ఆగి మళ్ళీ వెనక్కి చదువుకోవాలి. మన తెలుగు పనిని జరిగే వరసలోనే చెబుతుంది: కనెక్టర్ నొక్కి, క్లిక్ మని వినబడ్డాక, కవర్ బిగించు. మూడు పనులు, మూడు అంచెలు, ఒకే వరస. ఇంగ్లిష్‌కు కూడా అలా చెప్పడం చేతనవును. “పుష్ ద కనెక్టర్. లిజన్ ఫర్ ద క్లిక్. టైటెన్ ద కవర్ స్క్రూస్.” మొదటి షీట్‌లో ఇంతకన్నా ఎక్కువ సమాచారం ఏమీ లేదు. నిజానికి తక్కువే ఉంది, ఎందుకంటే ‘ప్రాపర్లీ’ అంటే ఎలాగో చెప్పలేదు. క్లిక్ శబ్దం వస్తే సరిగ్గా పడినట్టు. ఆ సంగతి లైన్ లీడర్‌ను అడిగితేగానీ నాకు తెలియలేదు.

‘సీటెడ్’ అన్న మాటకు ఆ పిల్లల్లో చాలామంది “కూర్చోవడం” అన్నారు. వాళ్ళు చదువుకున్న అర్థం అదే. ‘కవర్’ అంటే మన ఊళ్ళలో కూరగాయలు తెచ్చుకునే ప్లాస్టిక్ సంచి. కేబుల్ పైన ఉండే తొడుగును షీట్‌లో ‘జాకెట్’ అన్నారు. ‘హౌసింగ్’ అంటే హౌసింగ్ బోర్డు ఇళ్ళు తప్ప వస్తువు బయటి డొప్ప అని వాళ్ళెప్పుడూ వినలేదు. ఒక్కసారి చూపిస్తే అందరికీ అర్థమయ్యే విషయాలే ఇవన్నీ. చూపించేవాళ్ళు లేక, తప్పు చేస్తే అరుస్తారన్న టెన్షన్‌తో, పక్క అమ్మాయి చేతులు చూసి పని నేర్చుకున్నారు. పక్క అమ్మాయి తప్పుగా చేస్తే అదే తప్పు లైనంతా పాకింది.

పరీక్షించిన పద్ధతి

“అర్థమైందా?” అని అడిగితే అందరూ “అయింది మేడం” అంటారు. అది మర్యాద. దాన్ని బట్టి ఏమీ తేల్చలేం. అందుకని కొత్తగా చేరిన అమ్మాయి చేతికి షీట్ ఇచ్చి, నోటితో ఏమీ చెప్పకుండా, రిజెక్ట్ అయిన పీసులతో పని చేయించి చూశాం. నేనూ, లైన్ లీడరూ ఆమె చేతులు మాత్రమే చూశాం. చెయ్యి ఎక్కడ ఆగిందో అక్కడ షీట్‌లో గుర్తు పెట్టాం. చెయ్యి ఆగిన చోటే వాక్యం చెడిపోయి ఉంది. దాదాపు ప్రతిసారీ అంతే. సులభంగా రాయడం గురించి చదివినవాటన్నిటికంటే ఈ గుర్తులే నాకు ఎక్కువ నేర్పాయి.

బ్యాటరీ స్టేషన్‌లో ఒక అమ్మాయి చెయ్యి చాలాసేపు ఆగింది. షీట్‌లో “రీప్లేస్ ద ప్రొటెక్టివ్ కవర్” అని ఉంది. ఆమె తల తిప్పి, “మేడం, ఈడ రీప్లేస్ అని ఉండాది. తీసిందే మళ్ళా పెట్టాల్నా, కొత్తది ఎయ్యాల్నా?” అంది.

ఎంత మంచి ప్రశ్న! ఇంగ్లిష్‌లో ఆ మాటకు రెండర్థాలూ ఉన్నాయి. తీసిన చోట తిరిగి పెట్టడమూ రీప్లేసే, పాతది పారేసి కొత్తది వేయడమూ రీప్లేసే. పక్కనున్న లైన్ లీడర్ “తీసిందే పెట్టాలమ్మా” అంది. రెండో షిఫ్ట్ లైన్ లీడర్‌ను అడిగితే “కొత్తదే కదా మేడం, అందుకే కదా ట్రేలో కవర్లు ఇస్తాండేది” అంది. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్ళే. ఒకే షీట్, రెండు షిఫ్టులు, రెండు పద్ధతులు. ఇంజనీర్‌కు ఫోన్ చేసి కనుక్కుంటే, గీత పడితే కొత్తది, లేకపోతే పాతదే అని తేలింది. అది షీట్‌లో ఎక్కడా లేదు. ఇంగ్లిష్ రాకపోవడం వల్ల వచ్చిన సమస్య కాదిది. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్ళకూ అక్కడ అదే సందేహం రావాలి. రాలేదంటే వాళ్ళు సరిగ్గా చదవలేదన్నమాట.

కొత్త షీట్‌లో అది ఇలా మారింది: “లుక్ ఎట్ ద కవర్. ఇఫ్ ద కవర్ హాజ్ ఎ స్క్రాచ్, పుట్ ఇట్ ఇన్ ద రెడ్ ట్రే. టేక్ ఎ న్యూ కవర్. ఇఫ్ ద కవర్ హాజ్ నో స్క్రాచ్, ఇన్‌స్టాల్ ద సేమ్ కవర్.” మాటలు పెరిగాయి. సందేహం పోయింది. పక్కన ఫోటో పెట్టాం.

తక్కువ మాటలా, తెలిసిన మాటలా

మాటలు తగ్గిస్తే ఇంగ్లిష్ సులభమవుతుందన్న ఆలోచన పాతదే. 1930లో ఇంగ్లండ్ భాషావేత్త సి.కె. ఆగ్డెన్ బేసిక్ ఇంగ్లిష్ అని 850 మాటల ఇంగ్లిష్ తయారుచేశాడు. అందులో క్రియలు 18 మాత్రమే. లెక్కకు అద్భుతంగా ఉంటుంది. కానీ 18 క్రియలతో లోకమంతా చెప్పాలంటే పుట్, టేక్, గెట్, గో లాంటివాటికి అప్, ఆఫ్, అవుట్, ఇన్ తగిలించాలి. ‘పుట్ అప్ విత్’ అన్నప్పుడు ఆ మూడు మాటలూ విడివిడిగా తెలిసినా భరించడం అన్న అర్థం తట్టదు. తెలుగువాళ్ళకు ఈ జంట క్రియలు పెద్ద గండం. ‘టేక్ ఆఫ్’ కంటే ‘రిమూవ్’ మనకు తేలిక. మాటల లెక్క చూసి సులభమని నిర్ణయించేస్తే ఇలాగే అవుతుంది.

మైకేల్ వెస్ట్ దారి నాకు నచ్చుతుంది. ఆయన, దేశం విడిపోకముందు, ఢాకాలో టీచర్ల ట్రైనింగ్ కాలేజీలో పనిచేశాడు. బెంగాలీ పిల్లలను దగ్గర నుంచి చూసి, వాళ్ళకు ముందుగా కావలసింది చదివి అర్థం చేసుకోవడం అని గ్రహించి, కొత్త మాటలు కొద్దికొద్దిగా వచ్చే రీడర్లు తయారుచేశాడు. 1953లో ఆయన ప్రచురించిన జనరల్ సర్వీస్ లిస్ట్‌లో సుమారు 2,000 మాటలున్నాయి. వాటిని ఎంచింది ఎక్కువగా వాడకాన్ని చూసి. మన దేశపు తరగతి గదుల్లో పుట్టిన ఆలోచన అది. మన టీచర్ ట్రైనింగుల్లో ఆయన పేరు ఇంకా ఎక్కువగా వినిపించాలి.

మాకు పనికొచ్చిన మూడోది విమానాల నుంచి వచ్చింది. విమానం రిపేరు మాన్యువల్స్ చదివే మెకానిక్‌లలో చాలామందికి ఇంగ్లిష్ మాతృభాష కాదు. తప్పు చదివితే ప్రాణాలు పోతాయి. అందుకని యూరప్ విమాన తయారీ సంస్థలు 1980లలో ఇప్పుడు సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లిష్ అని పిలిచే నియమావళి తెచ్చాయి. అందులో సుమారు 900 సాధారణ పదాల డిక్షనరీ ఉంది. వాటికి తోడు ఆ పరిశ్రమకు కావలసిన వస్తువుల పేర్లు కలుపుకోవచ్చు. ఒక మాటకు ఒకే అర్థం. చేయాల్సిన పని చెప్పే వాక్యం 20 మాటలు దాటకూడదు, వివరించే వాక్యం 25 దాటకూడదు. నామవాచకాలను మూడుకు మించి గొలుసు కట్టకూడదు. మా షీట్లలో “బ్యాటరీ కనెక్టర్ ప్రొటెక్షన్ ఫిల్మ్ రిమూవల్ జిగ్” అని ఆరు మాటల గొలుసు ఒకటి ఉండేది. జిగ్ అంటే పనికి సాయపడే పట్టు పరికరం. జిగ్‌లకు నంబర్లు ఇచ్చి, ‘జిగ్ 4’ అని రాసి, ఆ నంబరు జిగ్ మీదే అతికించాం.

మా లిస్ట్ మాత్రం ఇంకో చోట మొదలైంది. తెలుగు నోళ్ళలో ఇప్పటికే నలుగుతున్న ఇంగ్లిష్ మాటలు ముందు రాసుకున్నాం. టైట్, ఆన్, ఆఫ్, కట్, సైడ్, లైన్, ఫుల్, క్లీన్, చెక్, స్టాప్, ప్రెస్, ఓపెన్, క్లోజ్. క్యాంటీన్‌లో కూర్చుని అమ్మాయిలే చెబుతుంటే పేజీలు నిండాయి. “మాకు ఇంగ్లిష్ రాదు” అన్నవాళ్ళు చెప్పిన మాటలవి! ఆ తర్వాత ఒక్కో మాటకూ షీట్‌లో ఉండే అర్థమూ, మన వాడుకలో ఉన్న అర్థమూ ఒకటేనా అని చూశాం. ఒకటే అయినవి ఉంచాం. ‘అడ్జస్ట్’ లాంటివి పక్కన పెట్టాం. బస్సులో కొంచెం జరిగి చోటివ్వడం, సర్దుకుపోవడం మనకు అడ్జస్ట్ కావడం. స్క్రూడ్రైవర్ టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, సరైన అంకెకు తేవడం షీట్ చెప్పే అడ్జస్ట్. అక్కడ ‘సెట్’ అని, పక్కన అంకె రాశాం. ‘రైట్’ కుడి అన్న అర్థానికే ఉంచి, సరైనది అని చెప్పాల్సిన చోట ‘కరెక్ట్’ పెట్టాం. ‘రైట్ స్క్రూ’ అన్నచోట కుడివైపు స్క్రూనా, సరైన స్క్రూనా అని ఇదివరకు ఎవరికి తోచింది వాళ్ళు అనుకునేవాళ్ళు. ఇక ‘కవర్’ మార్చలేకపోయాం. పార్ట్ నంబరు పక్కన అదే పేరు అచ్చయి ఉంది. అలాంటి మాటలకు బొమ్మతో ఒక చార్టు తయారుచేసి, ఉచ్చారణ తెలుగు అక్షరాల్లో రాసి, లాకర్ల దగ్గర అంటించాం.

షీట్లు తెలుగులోనే ఉండొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. నేనూ ముందు అదే అడిగాను. తెలుగు చదవలేని తమిళ పిల్లలు ఉన్నారు, హిందీవాళ్ళున్నారు. విదేశం నుంచి వచ్చే ఇంజనీర్ లైన్‌లో నిలబడి షీట్‌నూ, పనినీ పక్కపక్కన పెట్టి చూడాలి. మోడల్ మారినప్పుడల్లా షీట్ మారుతుంది. రెండు భాషల్లో ఉంటే ఒకటి మారి ఇంకొకటి మారని రోజు తప్పకుండా వస్తుంది. అందుకే షీట్ ఒక్కటే, ఇంగ్లిష్‌లో. షిఫ్ట్ మొదట్లో లైన్ లీడర్ చెప్పే మాటలు మాత్రం తెలుగులో, అరవంలో. పిల్లలు కోరింది కూడా అదే. రేపు ఇంకో కంపెనీకి వెళ్ళాలన్నా ఈ ఇంగ్లిష్ వాళ్ళకు కావాలి.

వ్యాకరణంలో ఏది తీశాం, ఏది ఉంచాం

ప్యాసివ్ తీసేశాం. ‘హాజ్ బీన్’ తీసేశాం. చేయాల్సిన పని ఏదైనా ఆజ్ఞార్థకంలోనే. షరతు ఉంటే వాక్యం మొదట్లోనే. “డు నాట్ రిమూవ్ ద ఫిల్మ్ అన్‌లెస్ ద లైట్ ఈజ్ గ్రీన్” అన్నదాంట్లో ‘నాట్’, ‘అన్‌లెస్’ రెండు కాదనడాలు. పని ఒత్తిడిలో ఉన్న మనిషి ఏదో ఒకటి వదిలేస్తుంది. “ఇఫ్ ద లైట్ ఈజ్ గ్రీన్, రిమూవ్ ద ఫిల్మ్. ఇఫ్ ద లైట్ ఈజ్ రెడ్, స్టాప్. కాల్ ద లైన్ లీడర్.” లైటు పచ్చగా ఉంటే ఫిల్మ్ తీయి అని తెలుగులో చెప్పే వరస కూడా ఇదే.

ఆర్టికల్స్ దగ్గర చాలా వాదన జరిగింది. తెలుగులో లేవు కాబట్టి ‘ఎ’, ‘ద’ తీసేస్తే తేలిక అని అందరూ అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇంగ్లిష్‌లో ఒకే మాట క్రియ కావచ్చు, పేరూ కావచ్చు. “టెస్ట్ కనెక్టర్” అంటే కనెక్టర్‌ను పరీక్షించమనా, పరీక్షకు వాడే కనెక్టర్ అనా? మధ్యలో ‘ద’ ఉంటే సందేహమే లేదు. విభక్తి ప్రత్యయాలు మనకు చేసే పనిలో కొంత ఇంగ్లిష్‌కు ఈ చిన్న మాటలు చేస్తాయి. విమాన నియమావళి కూడా ఆర్టికల్స్‌ను వదలొద్దనే చెబుతుంది.

అయితే చదివే ఇంగ్లిష్ వేరు, రాసే ఇంగ్లిష్ వేరు. షీట్‌లో ‘ద’ ఉండాలి. షిఫ్ట్ లాగ్ బుక్‌లో ఆ అమ్మాయి రాసే వాక్యంలో ‘ద’ లేకపోతే కొంపేమీ మునగదు. “మెషీన్ స్టాప్ టెన్ ఓ క్లాక్. ఐ కాల్ మెయింటెనెన్స్.” విషయం అందింది. థర్డ్ పర్సన్ ‘ఎస్’ గురించి మన టీచర్లు ఎన్ని ఎర్ర గీతలు గీస్తారో లెక్కలేదు. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ళు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు ఏ ఉచ్చారణ తప్పులు అర్థానికి అడ్డం వస్తాయో, ఏవి రావో భాషా పరిశోధకురాలు జెన్నిఫర్ జెంకిన్స్ 2000 సంవత్సరంలో వివరంగా చూపింది. నాలుక పళ్ళ మధ్య పెట్టి పలికే ‘థ’ ధ్వని రాకపోయినా నష్టం లేదని ఆమె తేల్చింది. అచ్చుల పొడుగు పొట్టి తేడా మాత్రం పాటించాలి అంది. లాగ్ బుక్ దిద్దేటప్పుడు నేనూ అదే కొలత పెట్టుకున్నాను: పని చెడగొట్టే తప్పే తప్పు.

స్పెల్లింగ్ సంగతి

ఆ లాగ్ బుక్‌లోనే ఒక రాత్రి షిఫ్ట్ అమ్మాయి “2 స్క్రూ లూజ్” అని రాసింది. రెండు స్క్రూలు వదులుగా ఉన్నాయని ఆమె ఉద్దేశం. కానీ ఎల్ తర్వాత ఒక్క ఓ రాసింది. పొద్దున వచ్చిన విదేశీ ఇంజనీర్ దాన్ని రెండు స్క్రూలు పోయాయని చదివాడు. ఎలక్ట్రానిక్స్ లైన్‌లో స్క్రూ కనబడకపోవడం చిన్న విషయం కాదు. అది ఏ పీసు లోపల పడి ఉందో, ఎక్కడ షార్ట్ అవుతుందో తెలియదు. ఆ లాట్ మొత్తం ఆపేశారు.

ఇది జరిగాక ఆఫీసులో ఒకరు, స్పెల్లింగ్ పట్టింపు వదిలేద్దాం మేడం, ఫోన్‌లో మెసేజ్ కొట్టినట్టు ఎలా వినబడితే అలా రాయనిద్దాం, చదివేవాళ్ళే సర్దుకుంటారు అన్నారు. మంచి మనసుతో అన్నమాటే. ఎందుకు కుదరదో ఈ స్క్రూలే చెబుతాయి. వదులు అనే మాటను ఇంగ్లిష్‌వాళ్ళు ‘లూస్’ అని, పోగొట్టుకోవడాన్ని ‘లూజ్’ అని పలుకుతారు. మనం రెండిటినీ ‘లూజ్’ అంటాం. వినబడినట్టు రాస్తే మన రాతలో రెండూ ఒకటే అయిపోతాయి. అసలు ఎవరి చెవికి వినబడినట్టు రాయాలి? తిరుపతి చెవికి ఒకలా, లండన్ చెవికి ఒకలా, సింగపూర్ చెవికి ఇంకోలా వినబడుతుంది. ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఎవరి ఉచ్చారణకూ సరిగ్గా సరిపోదు. అందుకే అందరూ దాన్ని చదవగలుగుతున్నారు.

పెద్ద పెద్దవాళ్ళే ప్రయత్నించి చూశారు. 1906లో అమెరికాలో కోటీశ్వరుడు ఆండ్రూ కార్నెగీ డబ్బుతో సింప్లిఫైడ్ స్పెల్లింగ్ బోర్డు ఏర్పడి, 300 మాటల లిస్ట్ విడుదల చేసింది. ‘త్రూ’ను టి-హెచ్-ఆర్-యు అని నాలుగు అక్షరాలతో ముగించమంది. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఆ ఆగస్టులో ప్రభుత్వ ముద్రణాలయానికి ఆదేశమే ఇచ్చాడు. పత్రికలు ఎగతాళి చేశాయి, కాంగ్రెస్ అడ్డం తిరిగింది, డిసెంబరుకల్లా వెనక్కి తీసుకున్నాడు. 1961లో బ్రిటన్‌లో జేమ్స్ పిట్‌మన్ రూపొందించిన ఇనీషియల్ టీచింగ్ ఆల్ఫాబెట్ బడుల్లోకి వచ్చింది. 40కి పైగా అక్షరాలు, దాదాపుగా ధ్వనికో అక్షరం. చిన్న పిల్లలు దాంతో త్వరగానే చదివారు. తర్వాత మామూలు అక్షరాలకు మారాల్సి వచ్చినప్పుడు చాలామంది తడబడ్డారు. ఒకసారి నేర్చుకున్నది మర్చిపోయి మళ్ళీ నేర్చుకోవడం అన్నిటికంటే కష్టం. మన పిల్లల మీద ఆ భారం వేయకూడదు.

మన దగ్గర గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం పోరాడి గెలిచారు కదా, ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం కదా, ఇంగ్లిష్‌కు ఎందుకు కుదరదు అని ఒక డిగ్రీ స్టూడెంట్ నన్ను అడిగింది. గిడుగు గారి పోరాటం ప్రధానంగా రాసే శైలి గురించి, ఏ మాటలు, ఏ వాక్యాలు రాయాలన్నదాని గురించి. అరసున్న, బండి ఱ వాడుకలోంచి జారిపోవడం కూడా తెలుగు చదివేవాళ్ళమంతా ఒకే సమాజంగా ఉండబట్టి సాధ్యమైంది. ఇంగ్లిష్‌కు అలా అందరి తరఫునా తలూపే పెద్ద ఎవరూ లేరు. కానీ గిడుగు గారు చేసిన పని, అంటే చదివేవాళ్ళకు అందే వాక్యం రాయడం, ఇంగ్లిష్‌లోనూ ఇవాళే చేయొచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. మేం షీట్లలో చేసిందీ అదే.

స్పెల్లింగ్ మార్చలేనప్పుడు దాన్ని కుటుంబాలుగా చూపించడం నా పద్ధతి. ఎలక్ట్రిక్, ఎలక్ట్రిసిటీ, ఎలక్ట్రీషియన్. తెలుగులో రాస్తే క, స, ష అని మూడు ధ్వనులు కనబడతాయి. ఇంగ్లిష్‌లో మూడు చోట్లా ఒకే ‘సి’ అక్షరం. ధ్వని ప్రకారం రాసి ఉంటే ఈ మూడూ ఒకే ఇంటివని కంటికి తెలిసేది కాదు. చెక్ట్, క్లీన్డ్, టెస్టెడ్ కూడా అంతే. చెవికి మూడు చివరలు, కాగితం మీద ఎప్పుడూ ఇ-డి. ఇది చూపించిన రోజు ఆ పిల్లల ముఖాల్లో కోపం తగ్గడం చూశాను. అర్థంపర్థం లేదనుకున్నదాంట్లో ఒక క్రమం కనబడింది. క్రమం లేనివి కూడా ఉన్నాయి. వాటిని లైన్‌లో అవసరమైనంత వరకు, బొమ్మ చూసి గుర్తుపట్టినట్టు గుర్తుపెట్టుకోమన్నాను.

లాగ్ బుక్‌కు మాత్రం వేరే మందు వేశాం. తరచూ వచ్చే లోపాలన్నీ అచ్చు వేయించి పక్కన గడి పెట్టాం. వదులుగా ఉంటే ‘నాట్ టైట్’, పోతే ‘మిస్సింగ్’. టిక్ పెడితే చాలు. సొంత మాటల్లో రాయడానికి కింద రెండు లైన్లు వదిలాం. ఆ రెండు లైన్లే ఇప్పుడు వాళ్ళ ఇంగ్లిష్ ప్రాక్టీసు.

ఎదురైనవి, మిగిలినవి

“మేడం, ఇది ఎల్‌కేజీ పిల్లల ఇంగ్లిష్‌లా ఉంది. ఆడిట్‌కు వచ్చినవాళ్ళు మన గురించి ఏమనుకుంటారు?” అని ఒక ఇంజనీర్ బాధపడ్డాడు. అతని బాధ నాకు అర్థమైంది. కష్టపడి నేర్చుకున్న పెద్ద మాటలవి. వాటిని వదలమంటే చదువును తక్కువ చేసినట్టు అనిపిస్తుంది. విమానాల మాన్యువల్ నియమాలు చూపించాను. దానికన్నా ఎక్కువ పనిచేసింది విదేశం నుంచి వచ్చిన ఇంజనీర్ కొత్త షీట్‌ను ఎక్కడా ఆగకుండా గట్టిగా చదువుకుంటూ పోవడం. పాత షీట్ల దగ్గర అతను కూడా ఫోన్‌లో ట్రాన్స్‌లేషన్ చూసుకునేవాడట.

షీట్లు పొడుగయ్యాయి. ఇది నిజమైన ఇబ్బంది. ఒక పేజీ మూడు పేజీలైతే, పీసుకు కొన్ని సెకన్లే ఇచ్చే లైన్‌లో ఎవరూ పేజీలు తిప్పరు. ఒక స్టేషన్ పనిని విడగొట్టి, ఒక్కో పేజీలో పెద్ద అక్షరాలతో కొన్ని అంచెలు మాత్రమే ఉంచి, ఫోటోలు పెంచాం. కొన్ని చోట్ల అది కూడా సరిపోలేదు. కస్టమర్ ఇచ్చిన భద్రతా హెచ్చరికల్లో ఒక్క అక్షరం మార్చడానికి వీల్లేదు. వాటిని అలాగే ఉంచి, కింద వేరే డబ్బాలో చిన్న వాక్యాల్లో మళ్ళీ చెప్పాం. పాత మోడళ్ళకు పాత షీట్లే నడుస్తున్నాయి. ఒకే అమ్మాయి పొద్దున ఒక రకం ఇంగ్లిష్, మధ్యాహ్నం ఇంకో రకం ఇంగ్లిష్ చదవాల్సి వస్తోంది. ఇది నాకు నచ్చడం లేదు, మార్పించే ప్రయత్నంలో ఉన్నాను.

ఫలితం గురించి అడిగితే, నేను కళ్ళతో చూసింది చెబుతాను. బ్యాటరీ స్టేషన్‌లో రెండు షిఫ్టులూ ఇప్పుడు ఒకేలా పనిచేస్తున్నాయి. కవర్ వల్ల వచ్చే రీవర్క్ దాదాపు ఆగింది. లైన్ లీడర్‌కు వచ్చే ప్రశ్నలు మారాయి. ఇదివరకు “అక్కా, దీంట్లో ఏం రాసినారు?” అని అడిగేవాళ్ళు. ఇప్పుడు “అక్కా, ఈ స్క్రూ ముందు ఎందుకు?” అని అడుగుతున్నారు. అలా అడిగిన ఒక అమ్మాయి వల్లనే ఒక షీట్‌లో వరస తప్పుందని బయటపడింది. చదవగలిగితేనే కదా తప్పు పట్టగలిగేది. స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులు కూడా తర్వాత మొదలయ్యాయి, పాఠ్యపుస్తకం ఆ షీట్లే.

ఈ పని చూసి చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ళు పిలిచారు. తోతాపురి సీజన్ కొన్ని వారాలే. అప్పటికప్పుడు చేరే కూలీలు, చదువు ఇంకా తక్కువ. ఇక్కడ షీట్ ఇంగ్లిష్‌లో ఎందుకని మళ్ళీ మొదటి నుంచి అడుగుతున్నాను. చదివేవాళ్ళంతా తెలుగువాళ్ళే కాబట్టి శుభ్రత సూచనలు తెలుగులో పెట్టడానికి వాళ్ళు ఒప్పుకున్నారు. మెషీన్ ప్యానెల్ మీద ఉన్న బటన్ల పేర్లు మాత్రం ఇంగ్లిష్‌లో ఉంటాయి. ప్రస్తుతం వాష్, రిన్స్ అనే రెండు బటన్ల దగ్గర ఆగాం. ఒకటి మందు నీళ్ళతో కడగడం, ఇంకొకటి ఆ మందు పోయేలా మంచి నీళ్ళతో జాడించడం. కూలీలు రెండిటినీ ‘కడుగుడు’ అనే అంటున్నారు. బటన్ల మీద రంగు స్టికర్లు అంటించి, ఈ సీజన్‌లో చేతులు ఎక్కడ ఆగుతాయో చూడబోతున్నాం.